కుళ్లిన సపోటా నుంచి కేంద్రక త్వచం దాకా: నులిపురుగు గుడ్డు చీలడాన్ని చూడటం ఎలా

కార్తీక మాసంలో వాయుగుండం పట్టి నెల్లూరు మీద నాలుగు రోజులు ముసురు పెడితే ఇంట్లో అందరూ ఆరని బట్టల గురించి బెంగపడతారు. నేను మాత్రం పెరట్లో సపోటా చెట్టు కిందికి వెళ్లి రాలిన కాయలను పుల్లతో తిరగేస్తాను. నేలకు ఆనిన వైపు మెత్తబడి, పులిసిన వాసన వేసే కాయ ఒకటి దొరికితే ఆ వారానికి పని దొరికినట్టే. అందులో మిల్లీమీటరు పొడవు నులిపురుగులు ఉంటాయి. వాటి కడుపులో గుడ్లు ఉంటాయి. ఆ గుడ్డులో రెండు కేంద్రకాలు, అండం తెచ్చినది ఒకటి, శుక్రకణం తెచ్చినది ఒకటి, ఎదురెదురుగా కదిలి వచ్చి ఆనుకుంటాయి. తమ చుట్టూ ఉన్న గోడలు కూల్చుకుంటాయి. క్రోమోజోములు రెండు వాటాలు కాగానే మళ్లీ గోడలు లేస్తాయి. ఇదంతా పావుగంటలో ముగుస్తుంది. దీన్ని చూడటానికి డిగ్రీ కాలేజీలో ఉండే మామూలు సూక్ష్మదర్శిని చాలు. ఒక సాయంత్రం, కాస్త మొండితనం కూడా కావాలి.

డిగ్రీ జంతుశాస్త్రం చదివేవారిని, హైస్కూల్లో కణవిభజన పాఠం చెప్పేవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉల్లి వేరు కొసను నలిపి రంగు వేసి చూపించడం మనందరికీ అలవాటే. అందులో కనిపించేది చచ్చిన కణం. ఇక్కడ బతికున్నదాన్ని చూస్తారు.

ముందు ఆ గోడ గురించి

పాఠ్యపుస్తకంలో కేంద్రకం అంటే ఒక గుండ్రటి గీత. ఆ గీత దగ్గర ఎవరూ ఆగరు. మన పని అంతా ఆ గీత మీదే. అది రెండు పొరల త్వచం. దానికి రంధ్రాలు ఉంటాయి. ఒక్కో రంధ్రానికి వందల ప్రోటీన్ అణువులు చట్రం కడతాయి. లోపలి పొరకు ఆనుకుని లామిన్ అనే ప్రోటీన్ పోగులు వలలా అల్లుకుని ఉంటాయి. త్వచంలోనే పాతుకున్న ఎమెరిన్, లెమ్-2 అనే ప్రోటీన్లు ఒక చేత్తో లామిన్‌ను, మరో చేత్తో బాఫ్ అనే చిన్న ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. బాఫ్ నేరుగా డీఎన్ఏను పట్టుకుంటుంది. అంటే క్రోమోజోములు సంచిలో పోసిన శనగల్లా దొర్లుతూ ఉండవు. గోడకు కొక్కేలు ఉన్నాయి, వాటికి తగిలించి ఉంటాయి.

మనిషిలో లామిన్ జన్యువులు మూడు. పురుగులో ఒకటే. అందుకే ఈ గోడను అర్థం చేసుకోదలచినవారు పురుగును ఎంచుకున్నారు. ఆ ఒక్కదాన్ని అణచివేస్తే పిండం బతకదు. విడిపోవలసిన క్రోమోజోములు రెండు కణాల మధ్య సాగి వంతెనలా చిక్కుకుంటాయి. ఎమెరిన్, లెమ్-2 రెంటినీ కలిపి తీసేసినా అంతే. ఒక్కటే తీస్తే రెండోది చాలావరకు సర్దుకుంటుంది. ఇది పురుగుల సొంత గోల అనుకోకండి. పిల్లలకు ముసలితనం తెచ్చిపెట్టే ప్రొజీరియా లామిన్-ఏ జన్యువులోని లోపం వల్ల వస్తుందని 2003లో తేలింది. ఎమెరిన్ చెడితే ఒక రకం కండరాల క్షీణత వస్తుంది.

పురుగు దొరికే చోటు

మన జిల్లాల్లో దీనికి అదును ఈశాన్య రుతుపవనాల కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రోహిణి కార్తెలో మొదలుపెట్టినవారిని చూశాను, మొదటి సంవత్సరం నేనూ అదే చేశాను. కాయలు కుళ్లేలోపే ఎండిపోయాయి, పురుగులు కాగి చచ్చాయి.

నేలకు తగిలి కుళ్లుతున్న సపోటా, జామ, బొప్పాయి తీసుకోండి. నరికి పడేసిన అరటి బోదె ఇంకా మంచిది. తాజాగా రాలిన కాయలో ఉండవు. పూర్తిగా మట్టిలో కలిసిపోయినదానిలోనూ తక్కువే. బ్యాక్టీరియా విందు జోరుగా సాగుతున్న మధ్య దశ కావాలి, ఎందుకంటే ఈ పురుగు ఆహారం బ్యాక్టీరియానే. పొదలకూరు వైపు నిమ్మతోటలు ఉన్నవారు నిమ్మకాయలతో మొదలుపెట్టకండి. నాకు ఒక్కసారీ కలిసిరాలేదు.

ఒక హెచ్చరిక. పశువుల పేడ, పందులు తిరిగిన మట్టి, మనుషుల మలం తగిలిన చోటు వద్దు. అక్కడ దొరికే గుడ్లు ఏలిక పామువి కావచ్చు. వాటి పెంకు మామూలు మందులకు లొంగదు, కడుపులోకి పోతే కథ వేరే. పళ్లలో దొరికే పురుగు స్వతంత్రంగా బతికేది, మనకు హాని చేయదు. అయినా చేతులు సబ్బుతో కడుక్కోండి.

పురుగును బయటికి రప్పించడం

గాజు పెట్రీ పళ్లెంలో అగర్ అనే జెల్లీ పోసి, దాని అంచున పండు ముక్కను పెట్టండి. గంట రెండు గంటల్లో పురుగులు పండు వదిలి అగర్ మీదికి పాకుతాయి. అగర్ ఇలా చేయాలి. లీటరు నీటికి అగర్ 17 గ్రాములు, ఉప్పు 3 గ్రాములు, పెప్టోన్ రెండున్నర గ్రాములు వేసి ప్రెషర్ కుక్కర్‌లో ఇరవై నిమిషాలు ఉడికించండి. చల్లారుతుండగా కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కో మోలార్ ద్రావణాలు ఒక్కో మిల్లీలీటరు, పీహెచ్ 6 ఉన్న మోలార్ ఫాస్ఫేట్ ద్రావణం 25 మిల్లీలీటర్లు, ఆల్కహాల్‌లో కరిగించిన కొలెస్ట్రాల్ ఒక మిల్లీలీటరు కలపండి. కొలెస్ట్రాల్ ద్రావణం మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఉండాలి. పురుగు దాన్ని సొంతంగా చేసుకోలేదు, అందుకే మనం పెట్టాలి. బోరు నీరు వాడకండి. సముద్రం దగ్గరి మండలాల్లో ఆ నీటిలో ఏమేమి ఉంటాయో చెప్పలేం. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా కొనుక్కుంటే పని తేలిక.

పళ్లెం కింద ఒక మార్కాపురం పలక పెట్టి, పక్క నుంచి టార్చిలైటు వేయండి. నల్లటి పలక మీద పురుగులు తెల్లటి దారపు ముక్కల్లా మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. చదువు నేర్చిన పలక ఇలా కూడా పనికొస్తుంది.

ఇప్పుడు ఏ పురుగో తేల్చుకోవాలి. సూక్ష్మదర్శినిలో తల వైపు చూడండి. గొంతులో రెండు ఉబ్బులు ఉండి, వెనుక ఉబ్బులో తిరగలిలాంటి భాగం టకటకా కొట్టుకుంటూ ఉంటే మనకు కావలసినదే. నోట్లో సూదిలాంటి ముల్లు ఉంటే వదిలేయండి. అదీ నులిపురుగే, కానీ రైతులు తిట్టుకునే జాతి, టమాటా వేళ్లకు బుడిపెలు తెప్పించేది.

ప్రపంచమంతా ప్రయోగాలు చేసే పురుగు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. సిడ్నీ బ్రెన్నర్ 1963లో దీన్ని ఎంచుకున్నాడు. ఆయన వాడిన వంశం ఇంగ్లండులోని బ్రిస్టల్ ఊరి కంపోస్టు నుంచి వచ్చింది. మన వేడికి దాని అన్నదమ్ముడైన సీనోరాబ్డైటిస్ బ్రిగ్సే దొరికే అవకాశమే ఎక్కువ. ఈ బ్రిగ్సే మీద పనిచేసేవారంతా ప్రామాణికంగా వాడే వంశం మన అహ్మదాబాద్ నుంచి సేకరించినదే. రెంటికీ ఆరు జతల క్రోమోజోములు. రెంటిలోనూ ఎక్కువమంది ఉభయలింగులు, అంటే తమ శుక్రకణాలతో తామే గుడ్లను ఫలదీకరించుకునేవారు. మగవి అరుదు. మన పనికి ఏదైనా ఒకటే. దిగువ చెప్పే ప్రోటీన్ల సంగతులు మాత్రం ఎలిగాన్స్‌లో కనిపెట్టినవి.

కడుపులో గుడ్లున్న ఒక్క పురుగును వేరే పళ్లెంలోకి మార్చండి. నాలుగైదు రోజుల్లో దాని సంతానం పళ్లెం నిండుతుంది. బూజు పట్టి విసిగిస్తే అందరూ చేసే చిట్కా ఉంది. బ్లీచ్ రెండు పాళ్లు, 5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ఒక పాలు, పురుగులున్న నీరు ఏడు పాళ్లు కలిపితే ఐదు నిమిషాల్లో తల్లులు కరిగిపోతాయి, పెంకున్న గుడ్లు మిగులుతాయి. వెంటనే నీటితో మూడుసార్లు కడగండి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని వద్దు.

వేడి నుంచి కాపాడటం

ఎలిగాన్స్‌కు 15 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయి. 27 దగ్గర పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. బ్రిగ్సే ఇంకొంచెం తట్టుకుంటుంది. 20 డిగ్రీల్లో గుడ్డు నుంచి గుడ్డు దాకా మూడున్నర రోజులు. ఇంక్యుబేటర్ లేదని బాధపడకండి. రొయ్యల వ్యాపారం జరిగే జిల్లాలో థర్మోకోల్ పెట్టెలకు కరువా? ఒక పెట్టె తెచ్చి రెండుసార్లు కడిగి ఎండబెట్టండి. అడుగున ఐసు ప్యాకెట్టు, దాని మీద నాలుగు మడతల గోనెపట్టా, పైన పళ్లేలు, పక్కన ఒక థర్మామీటరు. పూటకోసారి ఐసు మార్చాలి. పళ్లెం ఐసుకు తగిలితే పురుగులు బిగుసుకుపోతాయి, గోనెపట్టా అందుకే.

గుడ్డును బయటికి తీయడం

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. అగర్ మీద పెట్టి ఉన్న గుడ్లను ఏరుకుని స్లైడు మీద వేస్తారు. అవి అప్పటికే ఇరవై ముప్పై కణాల పిండాలు. ఈ పురుగు గుడ్డును కొన్ని గంటలు కడుపులోనే ఉంచుకుని తర్వాత పెడుతుంది. మొదటి విభజన చూడాలంటే తల్లిని కోయక తప్పదు.

ముందు మెత్తటి పరుపు తయారుచేయండి. రెండు స్లైడుల మీద సెల్లో టేపు అంటించి, మధ్యలో టేపులేని మూడో స్లైడు పెట్టండి. దాని మీద రెండు శాతం కరిగించిన అగరోజ్ చుక్క వేసి, మరో స్లైడును అడ్డంగా మూయండి. గట్టిపడ్డాక పై స్లైడును పక్కకు జరిపి తీయండి. మధ్య స్లైడు మీద అప్పడంలా పలుచటి పొర మిగులుతుంది. అగరోజ్ అంటే శుద్ధిచేసిన అగర్, ఖరీదు ఎక్కువ. శుభ్రమైన అగర్ అయినా నడుస్తుంది, కొంచెం మబ్బుగా ఉంటుంది అంతే.

కవర్ స్లిప్ మీద ఒక చుక్క ఉప్పు ద్రావణం వేసి, కడుపులో ఒక వరస గుడ్లున్న పడుచు పురుగును అందులో వదలండి. ఇంజెక్షన్ సూదులు రెండు తీసుకుని కత్తెరలా అడ్డంగా పెట్టి నడుము దగ్గర కోయండి. గుడ్లు జారి బయటికి వస్తాయి. కవర్ స్లిప్‌ను తిప్పి అగర్ పొర మీద నెమ్మదిగా వాల్చండి. అంచుల చుట్టూ వ్యాజిలీన్ పూయండి, లేకపోతే ఆరిపోతుంది. ఉప్పు ద్రావణం కోసం లీటరు నీటికి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 3 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6, ఉప్పు 5, చివరలో మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ ఒక మిల్లీలీటరు. గుడ్లను అటూ ఇటూ జరపడానికి పుల్లకు అంటించిన కనురెప్ప వెంట్రుకను మించిన పనిముట్టు లేదు. నా రెప్పల్లో సగం ఈ విద్యకే ఖర్చయ్యాయి.

గుడ్డు పొడవు 50 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. 40 ఎక్స్ కటకం వేయండి. ఇక్కడ మీ సూక్ష్మదర్శిని సామర్థ్యం కన్నా మీ చేతివాటం ముఖ్యం. గుడ్డుకు రంగు లేదు, కాబట్టి వెలుగు ఎక్కువైతే ఏమీ కనిపించదు. స్లైడు కింద వెలుగును పోగుచేసే కటకం కండెన్సర్, దాని కింద వెలుగును తగ్గించే ఐరిస్‌ను బాగా మూయండి. చాలకపోతే కండెన్సర్ కింద సగం అడ్డుగా నల్ల కాగితం పెట్టండి. వెలుగు ఏటవాలుగా పడి, గరుకైన కణద్రవ్యం మధ్య కేంద్రకాలు నున్నటి బిళ్లల్లా తేలతాయి. పాత ఫిలమెంటు బల్బుతో పనిచేసే సూక్ష్మదర్శిని అయితే స్లైడు వేడెక్కుతుంది. బల్బుకూ స్లైడుకూ మధ్య చదునైన గాజు సీసాలో నీరు పోసి పెట్టండి.

చూడటం

వరసలో ఉన్న గుడ్లలో రెండు బిళ్లలున్నది వెతకండి. ఒకటి ఒక కొసన, మరొకటి రెండో కొసన. అది దొరికితే గడియారం చూసి సమయం రాసుకోండి. ఫోనును కంటికటకానికి ఆనించి కట్టి, పది సెకన్లకో ఫోటో తీసేలా పెట్టండి. అయినా కన్ను తీయకండి. 1983లో ఈ పురుగు పిండంలోని ప్రతి కణం ఎవరి నుంచి పుట్టిందో వంశవృక్షం పూర్తిచేసిన జాన్ సల్‌స్టన్ బృందం కంటితో చూసి, చేత్తో గీసింది.

మొదట గుడ్డు ఉపరితలం ముడతలు పడుతుంది. నడుము దగ్గర ఒక నొక్కు లోపలికి దిగుతుంది. ఇదిగో చీలుతోంది అని మీరు కేక పెడతారు. చీలదు. ఆ నొక్కు మళ్లీ సర్దుకుని గుడ్డు నున్నగా అవుతుంది. దీనికి దొంగ చీలిక అని పేరు పెట్టాను. మొదటిసారి చూసిన ప్రతి విద్యార్థీ ఇక్కడ సమయం తప్పు రాసుకుంటాడు.

తర్వాత అండ కేంద్రకం కదులుతుంది. ముందు నిదానంగా, తర్వాత వేగంగా వెనుక కొస వైపు వెళ్లి శుక్ర కేంద్రకాన్ని కలుస్తుంది. శుక్ర కేంద్రకం పక్కన సెంట్రోజోములు అనే చిన్న కేంద్రాలు ఉంటాయి. వాటి నుంచి సూక్ష్మనాళికలు అనే తాళ్లు బయలుదేరతాయి. అండ కేంద్రకం ఆ తాళ్ల మీద లాగబడుతుంది. ఆ తాడును కేంద్రకం బయటి పొర మీద పట్టుకునేది జిగ్-12 అనే ప్రోటీన్. లోపలి పొరలోని సన్-1 దానికి జోడు. ఈ జంట చెడితే సెంట్రోజోములు కేంద్రకాన్ని వదిలేసి దూరంగా కొట్టుకుపోతాయి. ఫిబ్రవరి 10న బడుల్లో పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇస్తారు కదా, ఆ ఆల్బెండజోల్ దెబ్బతీసేది పేగుల్లోని పురుగుల ఈ తాళ్లనే. అవి అల్లుకోకుండా అడ్డుపడుతుంది.

కలిసిన రెండు బిళ్లలు ఆనుకునే గుడ్డు మధ్యకు వస్తాయి, వస్తూ తొంభై డిగ్రీలు తిరుగుతాయి. ఇప్పుడు కళ్లు పెద్దవి చేసుకోండి. వాటి అంచు గీత పలచబడుతుంది. నిమిషంలోపే బిళ్లలు రెండూ మాయమవుతాయి. గోడ కూలింది.

నిజానికి పూర్తిగా కూలలేదు. కంటికి తెలిసేది ఇంతే. మెరిసే ప్రోటీన్ తగిలించిన పురుగుల్లో చూస్తే వేరే కథ ఉంది. మన శరీర కణాల్లో విభజన మొదలవుతూనే లామిన్ చెదిరిపోతుంది. ఈ పురుగు పిండంలో రంధ్రాల దగ్గర ముందు బీటలు పడి, లోపలిదీ బయటిదీ కలిసిపోతాయి. అందుకే మీకు బిళ్ల మాయమైనట్టు కనిపిస్తుంది. లామిన్, ఎమెరిన్, లెమ్-2 మాత్రం చిరిగిన గుడారంలా క్రోమోజోముల చుట్టూ చాలాసేపు వేలాడుతూనే ఉంటాయి. క్రోమోజోములు విడిపోయే వేళ దాటాకగాని పూర్తిగా చెదరవు. ఈ కూల్చివేతకు మేస్త్రీ పీఎల్‌కే-1 అనే ఎంజైము. అది లామిన్‌కు ఫాస్ఫేట్ తగిలించి పోగులను విడదీస్తుంది. ఆ ఫాస్ఫేట్ తగలకుండా లామిన్‌ను మార్చిన పురుగుల్లో రెండు కేంద్రకాల మధ్య గోడ నిలిచిపోతుంది. తల్లివైపు క్రోమోజోములు ఒక గదిలో, తండ్రివైపువి మరో గదిలో. రెండు కణాలయ్యాక ఒక్కో కణంలో ఒకటికి బదులు జంట కేంద్రకాలు. ఆ సంగతి గుర్తుంచుకోండి, చివరలో లెక్క చూడాలి.

బిళ్లలు పోయిన చోట నున్నటి పొడవాటి ఆకారం ఏర్పడుతుంది. తెలుగు జీవశాస్త్రం దాన్ని కండె అంటుంది. పాటూరు మగ్గాల దగ్గర నూలు చుట్టే కండెను చూసినవారికి ఆ పేరు ఎవరూ వివరించనక్కరలేదు. క్రోమోజోములు అడ్డంగా వరుస కట్టడం, విడిపోవడం మామూలు సూక్ష్మదర్శినిలో లీలగానే తెలుస్తుంది. ఉల్లి వేరులో క్రోమోజోము నడుము దగ్గర పోగు పట్టుకుని లాగితే వంగి, ఇంగ్లీషు వీ అక్షరంలా వస్తుంది. ఈ పురుగులో క్రోమోజోముకు నడుమంటూ లేదు. పొడవునా పోగులు పట్టుకుంటాయి, కాబట్టి నిచ్చెన మెట్టులా అడ్డంగానే జరుగుతుంది. పాఠంలో సెంట్రోమియర్ అని చెప్పే ఆ నడుము కోసం వెతికితే దొరకదు.

కండె వెనుక కొస ఊగుతుంది. ఇటూ అటూ, తాడు కట్టిన ఉయ్యాలలా. అక్కడ లాగే బలం ఎక్కువ. అందువల్ల కండె మొత్తం వెనక్కి జరుగుతుంది, చీలిక గుడ్డు మధ్యలో పడదు. ముందు కణం పెద్దది, వెనుకది చిన్నది. పెద్దదానికి ఏబీ, చిన్నదానికి పీ1 అని పేర్లు. చీలిక పడుతుండగానే రెండు వైపులా రెండు చిన్న నున్నటి చుక్కలు పుట్టి పెరుగుతాయి. గోడ మళ్లీ లేస్తోంది. ముందు బాఫ్ క్రోమోజోముల మీద వాలుతుంది. దాన్ని పట్టుకుని ఎమెరిన్, లెమ్-2 త్వచపు ముక్కలను లాక్కొస్తాయి. తర్వాత లామిన్ చేరుతుంది. విభజన సమయంలో బాఫ్‌ను డీఎన్ఏ నుంచి తోసేసేది వీఆర్‌కే-1 అనే ఎంజైము, ఫాస్ఫేట్ తగిలించి. విభజన అయ్యాక ఆ ఫాస్ఫేట్ తొలగితేనే బాఫ్ తిరిగి వస్తుంది. కూల్చడానికీ కట్టడానికీ అదే ఇటుక. ఫాస్ఫేట్ ఉందా లేదా అన్నదే తేడా.

బిళ్లలు కలిసిన క్షణం నుంచి రెండు కణాలయ్యేదాకా పది పదిహేను నిమిషాలు. కొద్ది నిమిషాలకు ఏబీ ముందు చీలుతుంది, రెండు నిమిషాల తర్వాత పీ1. ఈ తేడా మీ లెక్కలో రాకపోతే గుడ్డు వేడికో నొక్కుడుకో దెబ్బతిని ఉంటుంది.

లెక్క రాసుకోవడం

పుస్తకంలో ఇవి ఉండాలి: గది ఉష్ణోగ్రత, బిళ్లలు కలిసిన సమయం, మాయమైన సమయం, చీలిక మొదలైన సమయం, కొత్త చుక్కలు కనిపించిన సమయం, ఏబీ, పీ1 చీలిన సమయాలు. వీటితోపాటు ఒక్కో కణంలో ఒక కేంద్రకమా, రెండా? ఆరోగ్యంగా ఉన్న గుడ్డులో ఒకటే ఉండాలి. రెండు కనిపిస్తే ఆనందంతో ఎగరకండి. ముందు ఫోకస్ పైకీ కిందికీ తిప్పి, కణద్రవ్యంలోని గింజల మధ్య ఖాళీని కేంద్రకం అనుకోలేదని తేల్చుకోండి. కవర్ స్లిప్ గట్టిగా నొక్కినా, స్లైడు ముప్పై డిగ్రీలు దాటినా వింతలు కనిపిస్తాయి. పది గుడ్లు చూడందే ఏ మాటా అనకండి.

ఇంకో పని చేయమంటాను, ఎవరూ చేయరు గానీ. రెండు కణాల కేంద్రకాలు పెద్దవైనప్పుడు వాటి అంచులను బొమ్మ గీయండి. గుండ్రంగా ఉన్నాయా, ఎక్కడైనా ఉబ్బు ఉందా? జర్మనీలో థియోడర్ బోవెరి గుర్రం ఏలిక పాము గుడ్లలో ఇదే చేశాడు. ఆ పురుగులో ఒక రకానికి క్రోమోజోములు ఒకే జత. దాని కేంద్రకానికి వేళ్లలాంటి ఉబ్బులు ఉంటాయి. అక్కాచెల్లెలు కణాల్లో ఆ ఉబ్బులు అద్దంలో ప్రతిబింబంలా ఒకే తీరున ఉండటం ఆయన గమనించాడు. మళ్లీ విభజన వచ్చినప్పుడు క్రోమోజోముల కొసలు ఆ ఉబ్బుల్లోనే కనిపించాయి. కంటికి కనిపించని మధ్య కాలంలోనూ క్రోమోజోము కరిగిపోదు, తన చోట తాను ఉంటుందని ఆయన దీన్నిబట్టి వాదించాడు. 1909లో ప్రచురించిన పెద్ద వ్యాసంలో ఈ వాదనకు పూర్తి రూపం ఇచ్చాడు. లామిన్ పేరు ఎవరూ వినని రోజులవి. గోడ ఆకారం చూసి లోపలి సామాను అమరిక చెప్పాడు. ఎలిగాన్స్‌లో ఇప్పుడు దానికి అణువుల పేర్లు కూడా తెలిశాయి. వాడకంలో లేని క్రోమోజోము భాగాలకు ఒక రసాయనిక గుర్తు పడుతుంది, త్వచం దగ్గర కూర్చున్న సీఈసీ-4 అనే ప్రోటీన్ ఆ గుర్తును పట్టుకుని గోడకు అంటిపెడుతుంది. 2015లో బయటపడింది ఇది.

ఆరు చుక్కలు

ఓపిక మిగిలితే మరో సాయంత్రం ఇది చేయండి. పడుచు పురుగును ఈసారి గొంతు వెనుక కోయండి. పొడవాటి గొట్టంలాంటి జననాంగం బయటికి ఉబికి వస్తుంది. దాని మీద క్రోమోజోములకు పట్టే ఎసిటో-ఆర్సీన్ రంగు చుక్క వేసి పావుగంట ఆగి, కవర్ స్లిప్ వేసి అద్దుడు కాగితంతో సుతారంగా నొక్కండి. గొట్టం చివర వరసలో పెద్ద అండకణాలు ఉంటాయి. శుక్రకణాల సంచికి దగ్గరగా ఉన్నదానిలో ముదురు చుక్కలు లెక్కపెట్టండి. ఆరు రావాలి. పన్నెండు క్రోమోజోములు జతలు కట్టి ఆరయ్యాయన్నమాట. ఐదే కనిపిస్తే సాధారణంగా ఒకదాని వెనుక ఒకటి దాక్కుని ఉంటుంది. ఫోకస్ తిప్పండి.

ఈ జతలు కట్టడం కూడా గోడ దగ్గరే జరుగుతుంది. గొట్టంలో ముందు భాగాన, అండాలు, శుక్రకణాలు తయారయ్యే క్షయకరణ విభజన మొదలయ్యే చోట, ప్రతి క్రోమోజోము తన ఒక కొసతో కేంద్రక త్వచాన్ని పట్టుకుంటుంది. ఎక్స్ క్రోమోజోముకు హిమ్-8 అనే ప్రోటీన్, మిగతా ఐదింటికి జిమ్-1, జిమ్-2, జిమ్-3 ఆ పట్టు కల్పిస్తాయి. గోడకు అవతల మళ్లీ మన జంటే: సన్-1, జిగ్-12. బయటి తాళ్ల మీద డైనీన్ అనే మోటారు ప్రోటీన్ లాగుతుంటే లోపల క్రోమోజోములు గోడ వెంట అటూ ఇటూ జరుగుతాయి. పెళ్లిచూపులకు తిప్పినట్టు ఒక్కోదాన్నీ తిప్పి చూపిస్తే గాని సరైన జోడు దొరకదు. ఆ సమయంలో క్రోమోజోములన్నీ ఒక పక్కకు చేరి కేంద్రకం కొడవలి ఆకారంలో కనిపిస్తుంది. హిమ్-8 పోతే ఎక్స్‌కు జోడు దొరకదు, అది పిల్లలకు చేరడంలో తప్పుతుంది. ఒకే ఎక్స్ అందిన పిల్ల మగపురుగు అవుతుంది. అందుకే ఇలాంటి జన్యువులకు, మగవి ఎక్కువ పుడతాయనే అర్థంతో, హిమ్ అని పేరు పెట్టారు. మీ పళ్లెంలో తోక కొస విసనకర్రలా విచ్చుకున్న సన్నటి పురుగు కనిపిస్తే అది మగది. మామూలు పళ్లెంలో వెయ్యింటికి ఒకటో రెండో.

మెరిసే లామిన్ ఉన్న పురుగులు కావాలంటే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉన్న నిల్వ కేంద్రం ప్రయోగశాలలకు పంపుతుంది. దానికి అనుమతులు, ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శిని రెండూ ఉండాలి. అవి లేనివారు వామ్‌అట్లాస్ వెబ్‌సైటులో శరీర నిర్మాణం బొమ్మలు చూసుకోవచ్చు, ఖర్చులేదు.

పని అయ్యాక పళ్లేలను కుక్కర్‌లో ఇరవై నిమిషాలు ఉడికించి అగర్‌ను చెత్తలో వేయండి. సూదులు సీసాలో వేసి మూత బిగించండి. పండు తొక్కలను దూరంగా పూడ్చండి, లేదంటే ఈగలు మీ ఇంటికే వస్తాయి. థర్మోకోల్ పెట్టె మీద మార్కరుతో పెద్ద అక్షరాలతో పురుగుల పెట్టె అని రాయండి. మా ఇంట్లో ఒకసారి రాయడం మరిచాను, ఆదివారం అందులో రొయ్యలు తెచ్చారు.